నిషిద్ధాక్షరి నుంచి అదృశ్య ఇటుక వరకు: అభిమానులు రూపొందించిన వీడియో గేమ్ లెవెళ్ళలో హాస్యశిల్పం

వ్యాససంగ్రహం:

వీడియో గేమ్‌ను ఆడేవారే దానికి కొత్త లెవెళ్ళు నిర్మించే ప్రక్రియకు నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. ఇలాంటి లెవెళ్ళలో నవ్వించడమే ప్రధానోద్దేశంగా కట్టినవి ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. ఎదుటివారి ఊహను ముందుగానే ఊహించి అక్కడ అడ్డుకట్ట వేయడం ఈ హాస్యానికి మూలసూత్రం. తెలుగువారి అవధానంలో పృచ్ఛకుడు చేసే పని కూడా ఇదే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల అవధాన పరంపరను నేపథ్యంగా తీసుకొని, అభిమానుల లెవెళ్ళ చరిత్రను, వాటిలోని హాస్యమార్గాలను, కొంటెతనానికి ఉండవలసిన హద్దును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, లెవెల్, హాస్యం, అవధానం, పృచ్ఛకుడు, నిషిద్ధాక్షరి, సమస్యాపూరణం, సూపర్ మారియో.

1. ఉపోద్ఘాతం:

కర్తకూ ఆస్వాదకునికీ మధ్య ఉండే గీత అన్ని కళల్లోనూ ఒకేచోట ఉండదు. కావ్యంలో కవి రాస్తాడు, పాఠకుడు చదువుతాడు. అవధానంలో ఈ విభజన చెల్లదు. సభలోని సహృదయుల్లోంచి వచ్చిన పృచ్ఛకుడు చిక్కు కడతాడు; అవధాని దానిని పద్యంగా విప్పుతాడు. పుట్టిన పద్యంలో ఇద్దరికీ పాలు ఉంటుంది.

వీడియో గేమ్‌లో ఆరంభం నుంచి గమ్యం దాకా దాటవలసిన ఒక్కొక్క అంచెను లెవెల్ అంటారు. వీటిని మొదట సంస్థలే తయారుచేసేవి. తరువాత ఆడేవారే సొంత లెవెళ్ళు కట్టి తోటివారి ముందు పెట్టసాగారు. ఆస్వాదకుడు పృచ్ఛకుడయ్యాడు. ఈ మార్పుతో కొత్త సవాళ్ళతో పాటు కొత్త హాస్యం కూడా పుట్టింది. అవధానానికీ వీడియో గేమ్‌కూ చారిత్రక సంబంధం ఏదీ లేదు. ఇక్కడ చూస్తున్నది ప్రభావాన్ని కాదు, నిర్మాణంలోని సామ్యాన్ని.

2. ప్రొద్దుటూరు ప్రాంతపు అవధాన పరంపర - పృచ్ఛకుని పాత్ర:

దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950) అవధానాన్ని ఊరూరా తిప్పి జనరంజకం చేసిన తరువాత ఆ విద్య రాయలసీమలోనూ బలంగా వేళ్ళూనుకుంది. వీరపునాయునిపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరులతో కూడిన కడప జిల్లా పడమటి భాగంలో ప్రొద్దుటూరు దానికి ముఖ్యకేంద్రమైంది. 'రాణాప్రతాపసింహ చరిత్ర' రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని, 'శ్రీ శివభారతం' రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేశారు. ఆ తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని అవధానాలు చేయడమే కాక అవధానవిద్యపై పరిశోధన కూడా చేశారు. నరాల రామారెడ్డి అష్టావధానిగా ఈ పరంపరను కొనసాగించారు.

అవధాన చరిత్ర సాధారణంగా అవధానుల చరిత్రగానే రాయబడింది. పూరణ నిలుస్తుంది, పూరించినవారి పేరు నిలుస్తుంది. సమస్య ఇచ్చినవారి పేరు చాలాసార్లు నిలవదు. అయితే చిక్కు చక్కగా కుదరనిదే విప్పడం రక్తికట్టదు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న ప్రసిద్ధ సమస్యను తెనాలి రామకృష్ణుని పేరుతో చెప్పుకొంటారు. పాండవులంతటివారు విరాటుని కొలువులో ఊడిగం చేయవలసివచ్చిన సందర్భానికి దానిని అన్వయించినట్లు కథ. పూరణ ఎంత గొప్పదో, అంత అసంబద్ధమైన మాటను ఛందస్సులో ఒదిగించి, విప్పడానికి వీలుండేటట్లు ఇవ్వడం అంత నేర్పు.

అష్టావధానంలోని అంశాల్లో నిషిద్ధాక్షరి ఈ నేర్పుకు పరాకాష్ఠ. అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత రాగల అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. రామునిపై పద్యం అడిగిన సందర్భంలో అవధాని 'శ్రీ' అన్నాడనుకొందాం. 'రా' వస్తుందని ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని 'ప' అంటాడు. 'శ్రీపతి' రాబోతున్నదని గ్రహించి పృచ్ఛకుడు 'తి'ని ఆపుతాడు. అవధాని 'ద' వేసి 'శ్రీపద' అంటూ మరో దారి తీస్తాడు. పృచ్ఛకుడు అడ్డుకొంటున్నది కేవలం అక్షరాన్ని కాదు, అవధాని మనసులో అప్పుడే రూపుకడుతున్న మాటను. ఊహ దొరికిపోయినప్పుడూ, దొరికినట్లే దొరికి తప్పించుకొన్నప్పుడూ సభలో నవ్వులు పూస్తాయి.

3. లెవెల్ నిర్మాణం అభిమానుల చేతికి వచ్చిన క్రమం:

అభిమానుల మార్పుల్లో హాస్యం తొలినుంచీ ఉంది. 'కాజిల్ వూల్ఫెన్‌స్టైన్' (1981) అనే ఆటలో ఖైదీ నాజీ సైనికుల కోట నుంచి తప్పించుకోవాలి. 1980ల తొలినాళ్ళలోనే అభిమానులు అందులోని సైనికులను తీసి, పిల్లల కార్టూన్‌లోని నీలిరంగు స్మర్ఫ్ బొమ్మలను పెట్టి 'కాజిల్ స్మర్ఫెన్‌స్టైన్' చేశారు. నడక మారలేదు, ధోరణి మారింది. తెలుగులో జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీల్లో చేసిన పని వంటిదే ఇది. అయితే ఇది వేషం మార్చడమే. కొత్త చిక్కును కట్టడం కాదు.

ఆ అవకాశం 1983లో వచ్చిన 'లోడ్ రన్నర్' ఇచ్చింది. 150 లెవెళ్ళున్న ఆ ఆటతో పాటు సొంత లెవెల్ కట్టుకొనే పనిముట్టును కూడా జతచేశారు. మరుసటి ఏడు వచ్చిన 'ఛాంపియన్‌షిప్ లోడ్ రన్నర్'లో అభిమానులు పంపిన లెవెళ్ళకు చోటు దొరికింది. 1984లో నింటెండో సంస్థ తెచ్చిన 'ఎక్సైట్‌బైక్'లో మోటారుసైకిల్ పందెపు బాటను ఆటగాడే కట్టుకోవచ్చు. అమెరికాలో విడుదలైన రూపంలో దానిని భద్రపరిచే మీట తెరపై కనిపించేది గాని పనిచేసేది కాదు. యంత్రం ఆపితే బాట మాయమయ్యేది.

1993 డిసెంబరు 10న విడుదలైన 'డూమ్' ఈ చరిత్రలో పెద్ద మలుపు. దానిలో ఆటను నడిపే ప్రోగ్రామ్‌ను, లెవెళ్ళ సమాచారాన్ని వేర్వేరు ఫైళ్ళలో ఉంచారు. అందువల్ల అసలు ఆటను చెడగొట్టకుండానే కొత్త లెవెళ్ళు చేర్చే వీలు కలిగింది. మరుసటి ఏడాదే అభిమానులు లెవెల్ కట్టే పనిముట్లు తయారుచేసుకొన్నారు. 1996లో వచ్చిన 'ఫైనల్ డూమ్' అభిమానులుగా మొదలైన నిర్మాతల పనినే సంస్థ అంగడికి తెచ్చిన రూపం.

1990లలో తెలుగు పట్టణాల్లోని పిల్లలకు ఈ ప్రపంచం టీవీకి తగిలించే చౌక గేమ్ పెట్టెల ద్వారా పరిచయమైంది. లక్షల ఆటలున్నాయని క్యాసెట్ మీద అచ్చువేసినా లోపల ఉండేవి కొన్నే. ఒకే ఆటను వేర్వేరు లెవెళ్ళ నుంచి మొదలయ్యేటట్లు మార్చి, వేర్వేరు పేర్లతో పట్టికలో చూపేవారు. అది వ్యాపారుల గడుసుతనమే గాని హాస్యశిల్పం కాదు. అయినా ఒక లెవెల్ శాసనం కాదని, దానిని మార్చవచ్చునని ఆ పట్టిక చెప్పకనే చెప్పింది.

4. మిత్రునికి పెట్టిన పరీక్ష - 2007:

అభిమానుల హాస్యానికి అన్నిటికన్నా సారవంతమైన నేల మారియో ఆటలు. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' తొలి లెవెల్ ఒక బాలశిక్ష వంటిది. మాటల్లో ఏమీ చెప్పకుండానే ఎప్పుడు దూకాలో, దేనిని తప్పించుకోవాలో, దేనిని అందుకోవాలో నేర్పుతుంది. కోట్లమంది ఆ పాఠం నేర్చుకొన్నారు. అందరికీ ఒకే అలవాటు ఉన్నచోట ఆ అలవాటును ఆధారం చేసుకొని నవ్వించడం సులభం. జపాన్‌లో 1986లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్ 2'లో సంస్థే ఈ దారి తొక్కింది. బలమిచ్చే పుట్టగొడుగు పక్కన విషపు పుట్టగొడుగును, ముందుకు తీసుకుపోవలసిన గొట్టాల్లో వెనక్కు తోసే గొట్టాన్ని పెట్టింది.

2000లో 'సూపర్ మారియో వరల్డ్' లెవెళ్ళను మార్చే 'లూనార్ మ్యాజిక్' అనే పనిముట్టు వచ్చింది. జపాన్‌లో టి. తకెమోతో అనే నిర్మాత దానితో లెవెళ్ళు కట్టి, వాటిని తన మిత్రుడు ఆడుతున్న వీడియోలను 2007లో అంతర్జాలంలో పెట్టాడు. తాను మార్చిన మారియోను మిత్రునిచేత ఆడించడం అన్నదే ఆ వీడియోల శీర్షికార్థం. మార్పు అనే అర్థమున్న 'కైజో' అన్న జపనీ మాట ఆనాటి నుంచి ఒక లెవెల్ శాఖకే పేరైంది. ఈ శాఖ పుట్టుకలోనే ఇద్దరు మనుషులున్నారు. ఒకడు అడిగేవాడు, మరొకడు విప్పేవాడు. చుట్టూ చూసి నవ్వే సభ ఉంది. అదే ఏడు జపాన్‌లో 'షోబోన్ యాక్షన్', అమెరికాలో 'ఐ వనా బి ది గై' వెలువడ్డాయి. ఇవి ఉన్న ఆటకు చేర్చిన లెవెళ్ళు కావు, పాత ఆటల అలవాట్లను వెక్కిరిస్తూ అభిమానులు కట్టిన స్వతంత్ర ఆటలు. ఒకే ఏడాదిలో వచ్చిన ఈ మూడూ ఆటగాని నమ్మకాన్నే ముడిసరకుగా చేసుకొన్నాయి.

5. హాస్యమార్గాలు:

5.1 ఊహను ముందే ఊహించడం: కైజో లెవెళ్ళలో ప్రసిద్ధమైనది అదృశ్య ఇటుక. ముందు ఒక గొయ్యి. దూకితే దాటవచ్చునని చూడగానే తెలుస్తుంది. దూకగానే గాలిలో, సరిగ్గా తల తగిలేచోట, కనిపించని ఇటుక ప్రత్యక్షమవుతుంది. మారియో దానిని గుద్దుకొని గోతిలో పడతాడు. అసలు మారియో ఆటలో ఇలాంటి గుప్తమైన ఇటుకలు బహుమతులు; తెలివిగా వెతికినవారికి నాణేలో, అదనపు ప్రాణమో ఇచ్చేవి. అభిమాన నిర్మాత ఆ బహుమతినే అడ్డంకిగా మార్చాడు. అయినా ఇటుక తన స్వభావం మానుకోదు. తల తగలగానే నాణెం ఇస్తుంది. నాణెం చేతికందుతుంది, ప్రాణం పోతుంది. హాస్యం ఆ నాణెంలోనే ఉంది.

ఆ ఇటుకను ఎక్కడ పెట్టాలన్నదే శిల్పరహస్యం. ఆటగాడు ఎక్కడి నుంచి, ఎంత ఎత్తుకు దూకుతాడో నిర్మాత కచ్చితంగా ఊహించాలి. ఇది నిషిద్ధాక్షరి పృచ్ఛకుని పనే. మొదటి ఇటుకను గమనించిన ఆటగాడు రెండోసారి జాగ్రత్తగా ఆగి దూకుతాడు. ఆ జాగ్రత్తను కూడా ఊహించి నిర్మాత మరో ఇటుకను పెడతాడు. అప్పుడు ఓడిపోయేది ఆటగాని అజాగ్రత్త కాదు, తెలివి. తెలివి బోల్తాపడినప్పుడు పుట్టే నవ్వు, కాలు జారినప్పుడు పుట్టే నవ్వుకన్నా సంస్కారవంతమైనది.

5.2 విపర్యయం: గమ్యం చేరిన తరువాత ఆటగాని చేతిలో పనేమీ ఉండదు. విజయసంగీతం మోగుతుంది, మారియో తనంతట నడిచిపోతాడు. కైజో లెవెళ్ళలో ఆ విజయయాత్రలోనే శత్రువు ఎదురై చంపవచ్చు. గెలుపు పద్ధతిని కూడా పరీక్షలో భాగం చేసి, దానికి ముందే ఏర్పాటు చేసుకోవలసిన బాధ్యతను ఆటగానిపై పెట్టడం ఇందులోని కొంటెతనం. వికృతమైన వేషభాషలు హాస్యానికి కారణమని అలంకారశాస్త్రం చెబుతుంది. ఇక్కడ వికృతి రూపంలో లేదు, క్రమంలో ఉంది. ముగింపు అనుకొన్నది ఆరంభం కావడం, బహుమతి అనుకొన్నది శిక్ష కావడం దీని లక్షణం.

5.3 ఏమీ చేయకపోవడం: జపాన్ అభిమానులు పెంచిన మరో శాఖ తనంతట తాను సాగే మారియో లెవెళ్ళు. ఆటగాడు మీటలను తాకకూడదు. స్ప్రింగులు, కదిలే పట్టీలు, శత్రువుల దెబ్బలు మారియోను వెంట్రుకవాసిలో ప్రమాదాలు తప్పిస్తూ గమ్యం చేరుస్తాయి. ఆడాలన్న ఆత్రంతో ఒక్క మీట నొక్కితే చావు తప్పదు. ప్రాణమున్న మనిషి యంత్రంలా ప్రవర్తించడం నవ్వు పుట్టిస్తుందని ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో ప్రతిపాదించాడు. ఈ లెవెళ్ళు ఆ సూత్రాన్ని తిరగవేశాయి. యంత్రమే నిపుణునిలా ఆడుతుంటే నిపుణుడు చేతులు కట్టుకొని కూర్చుంటాడు.

5.4 ఆత్మస్థం, పరస్థం: తాను నవ్వితే ఆత్మస్థమనీ, ఇతరులను నవ్విస్తే పరస్థమనీ భరతుని నాట్యశాస్త్రం హాస్యాన్ని రెండు విధాలుగా చెప్పింది. అభిమాన లెవెల్‌లో ఒకే పతనం ఈ రెండింటికీ చోటిస్తుంది. పడినవాడు తన నమ్మకాన్ని చూసి నవ్వుకొంటాడు. చూసేవారు ఆ పతనాన్ని చూసి నవ్వుతారు. పడినవానికి నవ్వు రాక చూసేవారికి మాత్రమే వస్తే అది పరిహాసం నుంచి హింసకు జారుతుంది. ఆ జారుడును ఆపేది ఏమిటన్నదే తరువాతి ప్రశ్న.

6. మర్యాద - 'మారియో మేకర్' అనుభవం (2015-2024):

2015 సెప్టెంబరులో నింటెండో 'సూపర్ మారియో మేకర్'ను విడుదల చేసింది. ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా తెరపై ఇటుకలు పేర్చి లెవెల్ కట్టవచ్చు, లోకమంతటికీ పంచవచ్చు. దీనికి సంస్థ ఒక్క షరతు పెట్టింది. కట్టినవారు ముందుగా తామే ఆ లెవెల్‌ను ఆడి గెలవాలి. అప్పుడే అది ఇతరులకు చేరుతుంది. చూడడానికి ఇది సాంకేతిక నిబంధన. నిజానికి ఇది పృచ్ఛకధర్మం. సమస్య ఇచ్చే పృచ్ఛకుని దగ్గర తనదైన పూరణ ఒకటి ఉండడం మంచి అవధానసభకు మర్యాద. పూరణ లేని సమస్య ప్రశ్న కాదు, అవమానించడానికి వేసిన ఎత్తు.

హాస్యపు లెవెళ్ళు కట్టే అభిమానులు ఈ మర్యాదను తమంతట తాము ఇంకా పెంచుకొన్నారు. ఆటగాని చంపవచ్చు గాని, చావకుండా, ముందుకు పోకుండా ఇరికించి వదిలేయడం అనుచితమని వారి నమ్మకం. పొరపాటున అలాంటి చోటులో పడినవారికి బయటపడే మార్గమో, చచ్చి మళ్ళీ మొదలుపెట్టే మార్గమో ఉంచాలి. నవ్వు సాగాలంటే ఆట సాగాలి.

2021 మార్చి 31న తొలి 'మారియో మేకర్'కు కొత్త లెవెళ్ళు చేర్చే వీలు ఆగిపోయింది. 2024 ఏప్రిల్ 8న ఆన్‌లైన్ సేవలే నిలిచిపోనున్నాయని సంస్థ ప్రకటించింది. అంతవరకు ఎవ్వరూ గెలవని లెవెళ్ళన్నిటినీ గడువులోగా గెలవాలని ఒక అభిమానబృందం పూనుకొంది. ప్రతి నిర్మాతకూ కనీసం ఒక్క సహృదయుడైనా దక్కాలన్న పట్టుదల అది. 2024 మార్చి నాటికి 'ట్రిమ్మింగ్ ది హెర్బ్స్' అనే ఒకే లెవెల్ మిగిలింది. 2017లో వచ్చిన ఆ లెవెల్ నిడివి కొద్ది సెకన్లు మాత్రమే. దాని కోసం నిపుణులు అహోరాత్రాలు శ్రమిస్తుండగా, తాను దానిని చేతితో గెలవలేదని, మీటలు నొక్కే యంత్రసాధనంతో గెలిపించి పంచానని నిర్మాతే ఒప్పుకొన్నాడు. నియమం ప్రకారం ఆ లెవెల్ లెక్కలోకి రాదని, తమ సంకల్పం అంతకుముందే నెరవేరిందని బృందం తేల్చింది. అయినా ఏప్రిల్ తొలివారంలో, సేవలు ఆగిపోకముందే, ఒక ఆటగాడు దానిని చేతితో ఆడి గెలిచాడు.

ఈ ఘటన ఒక సూక్ష్మమైన భేదాన్ని తేటపరుస్తుంది. ఆ లెవెల్‌కు పరిష్కారం ఉంది. మనిషికి సాధ్యమేనని చివరికి రుజువైంది. అయినా అభిమానుల మనసు నొచ్చుకొంది. కారణం, మర్యాద పరిష్కారం ఉండడంలో మాత్రమే లేదు. అడిగినవాడు తానూ అదే కష్టానికి లోనై రావడంలో ఉంది. తాను పడిన గోతిలోకి మిత్రుని ఆహ్వానిస్తే అది చెలిమి. తాను దిగని గోతిలోకి తోస్తే అది కపటం. గోతి లోతు రెండు సందర్భాల్లోనూ ఒకటే కావచ్చు.

7. పోలికకు హద్దులు:

అవధానంలో పృచ్ఛకుడు ఎదురుగా ఉంటాడు. అవధాని ముఖం చూసి నిషేధాన్ని మార్చగలడు. లెవెల్ నిర్మాత తన కొంటెతనాన్ని కట్టి వదిలి తప్పుకొంటాడు. ఎప్పుడో, ఎక్కడో ఆడే అపరిచితుని అడుగును ముందే ఊహించాలి. ఆ మేరకు అతని పని సభాకవి పనికన్నా కావ్యకవి పనికి దగ్గర. అవధానికి రెండో అవకాశం లేదు. ఆటగాడు వేయిసార్లు చచ్చి వేయిసార్లు లేవగలడు. అందుకే సమస్యాపూరణంలో నవ్వు గెలుపు దగ్గర పుడుతుంది, లెవెల్‌లో ఓటమి దగ్గర పుడుతుంది. అవధానంలో ఈ రెంటికీ నడుమ నిలిచేది అప్రస్తుతప్రసంగం. ఏకాగ్రతను చెదరగొట్టడానికే వచ్చిన ఆ పృచ్ఛకుని అల్లరిని సభ తప్పు పట్టదు. అల్లరికి కూడా సభలో ఒక పీట ఉందని తెలుగువారు ఏనాడో ఒప్పుకొన్నారు.

నష్టంలో మాత్రం రెండింటికీ పోలిక ఉంది. ఆశువుగా వచ్చిన పద్యాల్లో ఎవరైనా రాసిపెట్టినవే మిగిలాయి. 2024 ఏప్రిల్ 8 తరువాత తొలి 'మారియో మేకర్' లెవెళ్ళలో ముందుగా దించుకొన్నవి, అభిమానులు వీడియోలుగా భద్రపరచుకొన్నవి మాత్రమే అందుబాటులో ఉన్నాయి. రెండుచోట్లా భద్రపరిచింది కర్తలకన్నా సహృదయులే.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. అభిమానులు రూపొందించిన లెవెళ్ళలోని హాస్యం యాదృచ్ఛికం కాదు. అందరికీ తెలిసిన నియమాలను భంగపరచకుండా, ఆ నియమాలపై ఏర్పడిన అలవాటును మాత్రమే భంగపరచడం దాని శిల్పం.

2. అదృశ్య ఇటుక, నిషిద్ధాక్షరి ఒకే సూత్రంపై నడుస్తాయి. ఎదుటివారి తరువాతి అడుగును ఊహించి అక్కడే అడ్డు నిలవడం ఆ సూత్రం. ఎదుటివారి తెలివిపై గౌరవం లేనివారికి ఇది సాధ్యం కాదు.

3. కొంటెతనాన్ని క్రౌర్యం నుంచి వేరుచేసేది కాఠిన్యపు కొలత కాదు. అడిగినవారు తామూ ఆ పరీక్షకు నిలిచారా లేదా అన్నదే గీటురాయి.

4. అవధాన చరిత్రను అవధానుల వైపు నుంచే కాక పృచ్ఛకుల వైపు నుంచి కూడా రాయవలసిన అవసరాన్ని ఈ పోలిక సూచిస్తున్నది. ప్రొద్దుటూరు వంటి కేంద్రాల్లో సమస్యలిచ్చినవారి పేర్లను, వారి పూరణలను అవధాన సంపుటాల నుంచి, ఆహ్వానపత్రికల నుంచి, పెద్దల జ్ఞాపకాల నుంచి సేకరించడం అందుకు తొలి అడుగు. చక్కని చిక్కు కట్టినవారు కూడా కర్తలే.